బాడుగకు న్యాయమైన అంకెను ప్రభుత్వాలు ఎలా లెక్కిస్తాయి? (కర్నూలు, రెండు పడక గదుల పోర్షన్)

బి.క్యాంపు టీచరమ్మ

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. బి.క్యాంపు దగ్గర సొంత ఇల్లు. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పై అంతస్తులో నేను ఒక్కదాన్నే ఉంటాను. కింద రెండు పడక గదుల పోర్షన్‌లో ఒక కుటుంబం ఎనిమిదేళ్లుగా ఉంటోంది. ఆయన మోటారు మెకానిక్కు, ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది, ఇద్దరు పిల్లలు. వచ్చినప్పుడు బాడుగ 5,000. మధ్యలో ఒక్కసారి 500 పెంచాను. ఇప్పుడు 5,500.

పోయిన వారం మా అబ్బాయి వచ్చాడు. ఎదురింట్లో ఇంతే పోర్షన్‌కు 10,500 వస్తోందని, మనం కనీసం 10,000 చేయాలని గట్టిగా చెప్పి వెళ్లాడు. ఆ మాటలు కిందికి వినిపించినట్టున్నాయి. మర్నాడు ఆ అమ్మాయి బిందెలు నింపుకుంటూ, తల ఎత్తకుండానే, "పిన్నీ, 6,000 దాటితే మాకు కష్టమవుతుంది" అంది.

అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఒకరు 10,000 అంటారు, ఒకరు 6,000 అంటారు. ఇద్దరూ తమ అవసరం నుంచి మాట్లాడుతున్నారు. ఇంటికి తగిన అంకె ఏదో ఇద్దరికీ తెలియదు, నాకూ తెలియదు. అమెరికాలో ఉన్న మా మరిది కూతురు, అక్కడ ప్రభుత్వమే ఏటా ప్రతి ఊరికీ న్యాయమైన అద్దె ఇంత అని ప్రకటిస్తుందని చెప్పింది. అది ఎలా వేస్తారో మాత్రం తనకు తెలియదట. ఇల్లిల్లూ తిరిగి అడుగుతారా? సగటు తీస్తారా? సగటే అయితే నాకు నమ్మకం లేదు. ఒక్క మేడ ఇల్లు లెక్కలోకి వస్తే సగటు పైకి లేచిపోతుంది. మన ప్రభుత్వం దగ్గర అలాంటి లెక్క ఏదైనా ఉందా?

"ఇల్లు మీది, మీ ఇష్టం" అని మాత్రం దయచేసి రాయవద్దు. ఆ సంగతి నాకు తెలుసు. నాకు లెక్క కావాలి.

ఆదోని నుంచి ఒహాయో

టీచరు గారూ, నమస్కారం. నాది ఆదోని, పదకొండేళ్లుగా ఒహాయోలో ఉంటున్నాను. మాకు ఇక్కడ ఒక చిన్న ఇల్లు ఉంది. ప్రభుత్వ అద్దె సాయం పొందే ఒక కుటుంబానికి ఇచ్చాం. ఆ పని మీద ఈ లెక్కంతా కూర్చుని చదవాల్సి వచ్చింది.

మీరు అనుమానించింది నిజమే, అది సగటు కాదు. అద్దెలన్నిటినీ చిన్నది మొదలు పెద్దది వరకు వరుసలో నిలబెట్టి, నూటికి నలభయ్యో స్థానంలో ఉన్న అంకెను తీసుకుంటారు. అంటే ఆ ప్రాంతంలో నూరు ఇళ్లుంటే, నలభై ఇళ్ల అద్దె ఆ అంకెకు లోపల, అరవై ఇళ్లది పైన ఉంటుంది. 1995కు ముందు నలభై ఐదో స్థానం తీసుకునేవారు, ఆ తరువాత నలభైకి దించారు. దీన్ని ఫెయిర్ మార్కెట్ రెంట్ అంటారు. హడ్ అని పిలిచే గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ ప్రతి ఏడాదీ అక్టోబరు 1 నుంచి అమలయ్యేలా ప్రకటిస్తుంది. పేద కుటుంబాలకు అద్దె సాయం ఎంత ఇవ్వాలో చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది. స్థానిక సంస్థ ఈ అంకెలో 90 నుంచి 110 శాతం మధ్య తన పరిమితి పెట్టుకుంటుంది. కుటుంబం తన ఆదాయంలో దాదాపు 30 శాతం కడితే, ఆ పరిమితి వరకు మిగతాది ప్రభుత్వం కడుతుంది.

ఇల్లిల్లూ తిరిగేది హడ్ కాదు. జనగణన సంస్థ ఏడాది పొడవునా అమెరికన్ కమ్యూనిటీ సర్వే అని ఒకటి నడుపుతుంది. ఏటా దాదాపు 35 లక్షల చిరునామాలకు ప్రశ్నలు వెళతాయి. మా ఇంటికీ ఒకసారి వచ్చింది. అద్దె ఎంత, కరెంటుకు ఎంత, నీళ్లకు ఎంత, ఎన్ని పడక గదులు, ఎప్పుడు చేరారు అని అడుగుతారు. ఆ జవాబుల్లోంచి రెండు పడక గదుల ఇళ్లను పునాదిగా తీసుకుంటారు. ఒక గది, మూడు గదులు, నాలుగు గదుల ఇళ్లకు ఆ ప్రాంతంలో ఉన్న నిష్పత్తిని బట్టి లెక్క కడతారు. సర్వే అంకెలు చేతికి వచ్చేసరికి ఏడాది, రెండేళ్ల పాతవి అయిపోతాయి కాబట్టి ధరల సూచీతో ఇప్పటి కాలానికి జరుపుతారు. రాబోయే ఏడాదికి అంచనా కట్టి ఇంకొంచెం జరుపుతారు. అంతకు ముందు ఏడాది కంటే పది శాతానికి మించి పడిపోకుండా కూడా ఒక అడ్డు పెట్టారు.

మీ ప్రశ్నకు అసలు పనికొచ్చేవి మూడు సంగతులని నాకు అనిపిస్తుంది.

ఒకటి, అద్దె అంటే యజమానికి కట్టేది ఒక్కటే కాదు. కరెంటు, నీళ్లు, చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టే ఖర్చు, అన్నీ కలిపి లెక్కిస్తారు. ఫోను, టీవీ, ఇంటర్నెట్ కలపరు.

రెండు, ఈ మధ్య చేరినవాళ్ల అద్దెలకే బరువు ఇస్తారు. పదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నవాళ్ల అద్దె పాత కాలం నాటిది. ఈ రోజు ఇల్లు వెతుక్కునేవాడికి ఆ ధరకు ఇల్లు దొరకదు. అందుకే దాదాపు గత రెండేళ్లలో చేరినవాళ్లను విడిగా చూసి అంకెను సరిచేస్తారు. ప్రభుత్వం కట్టి ఇచ్చిన ఇళ్లను, మరీ కొత్తగా కట్టిన ఇళ్లను, బాగాలేని ఇళ్లను పక్కన పెడతారు.

మూడోది, ఈ అంకె ఊరి మొత్తానిది. ఫలానా ఇంటికి అంత తగునా అన్నది మళ్లీ వేరే చూస్తారు. మా ఇంటికి తనిఖీకి వచ్చినాయన పెరటి వైపు పడక గది కిటికీ తెరిచి మూసి, గొళ్లెం పడటం లేదని కాగితం మీద రాశాడు. అగ్నిప్రమాదం జరిగితే ఆ గదిలో పిల్లలు ఎటు నుంచి బయటపడతారని నన్ను అడిగాడు. ఆ గొళ్లెం బాగుచేయించి మళ్లీ చూపించేదాకా అద్దె సాయం మొదలు కాలేదు. చుట్టుపక్కల సాయం లేకుండా అద్దెకున్న ఇళ్లకు ఎంత వస్తోందో కూడా పోల్చి చూశారు. అంతకంటే ఎక్కువ ఇవ్వరు.

పాత ఇంజనీరు, కడప

అమ్మా, నమస్కారం. నేను రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మన దగ్గర ప్రభుత్వం లెక్క వేయదని ఎవరైనా అంటే నమ్మవద్దు. మామూలు కుటుంబాల కోసం వేయదు, తాను ఇల్లు బాడుగకు తీసుకునేటప్పుడు మాత్రం వేస్తుంది. ఏదైనా శాఖ ఆఫీసుకో హాస్టలుకో ప్రైవేటు భవనం తీసుకుంటే, ఆ బాడుగ సహేతుకమేనని మా శాఖ ఇంజనీరు ధ్రువపత్రం ఇవ్వాలి. అలాంటివి నేను చాలా రాశాను. టేపు పట్టుకుని గోడ నుంచి గోడకు కొలిచేవాళ్లం. భవనం వయసు, కప్పు ఏ రకం, గచ్చు ఏ రకం, నీళ్లు, మరుగుదొడ్లు చూసి, చుట్టుపక్కల బాడుగలు విచారించి చదరపు అడుగుకు ఇంత అని రాసేవాళ్లం. ఒక చోట ఇంటాయన మెట్ల కింద సందును కూడా గదిగా కొలవమని పట్టుబట్టాడు. అక్కడ నిలబడితే నా తల సిమెంటు పలకకు తగిలింది. మనిషి నిలబడలేని చోటుకు బాడుగ రాయలేనని చెప్పి వచ్చేశాను.

చట్టం సంగతి వేరు. మన కర్నూలు, కడప, అనంతపురం ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. యుద్ధకాలంలో ఇళ్ల కరువు వచ్చి 1946లో, మళ్లీ 1949లో మద్రాసు అద్దె నియంత్రణ చట్టాలు వచ్చాయి. కర్నూలుకు 1953 అక్టోబరు 1న రాజధాని రావడం, ఆఫీసులు డేరాల్లో నడవడం మీ ఊరి పెద్దలు చెప్పే ఉంటారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో కొత్త చట్టం చేశారు. అందులో నాలుగో సెక్షను న్యాయమైన అద్దె గురించే. దాని ప్రకారం కంట్రోలరు, అంటే అద్దె తేల్చే అధికారి, ఏం చూడాలి? 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ చుట్టుపక్కల అటువంటి ఇళ్లకు ఉన్న అద్దెలు చూడాలి, అప్పటి ఇంటిపన్ను పుస్తకంలో రాసిన అద్దె విలువ చూడాలి. 1960లో చేసిన చట్టం పదహారేళ్ల వెనక్కి చూసింది. ఆ తేదీని అలాగే పెట్టుకుని దశాబ్దాలు నడిపారు. బాడుగకున్నవాణ్ణి కాపాడాలన్న ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ అంకె కాలంతో కదలకపోతే యజమాని ఇంటికి సున్నం కూడా వేయడు, ఇల్లు ఖాళీ అయితే మళ్లీ ఇవ్వడు. నష్టం చివరికి బాడుగకు వచ్చేవాడికే. బొంబాయి చట్టంలో అద్దెలను ఇలాగే పాత కాలం దగ్గర బిగించి ఉంచడం అసమంజసమని సుప్రీంకోర్టు 1997 డిసెంబరులో చెప్పింది.

2005లో మన చట్టాన్ని సవరించి, కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 దాటిన ఇళ్లను దాని నుంచి తప్పించారు. 2017లో రాష్ట్రం వేరే అద్దె చట్టం చేసుకుంది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా చట్టంలోనూ అద్దె ఇద్దరూ రాసుకున్న ఒప్పందం ప్రకారమే. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలలకు మించరాదని మాత్రం హద్దు పెట్టారు. కాబట్టి మీ పోర్షన్‌కు అంకె చెప్పే ఆఫీసు నాకు తెలిసి లేదు.

ఇంకో దారి తమిళనాడు 1960 చట్టంలో ఉండేది. వాళ్లు చుట్టుపక్కల అద్దెలు చూడకుండా, కట్టుబడి ఖర్చు, స్థలం విలువ కలిపి, దాని మీద ఇళ్లకు ఏడాదికి 9 శాతం, దుకాణాలకు 12 శాతం అని తేల్చారు. చదవడానికి ఎంతో శుభ్రంగా ఉంటుంది. మీ ఇంటికి వేసి చూడండి. మీ కింది పోర్షన్ వాటాకు స్థలం, కట్టడం కలిపి 30 లక్షలు అనుకుందాం. 9 శాతం అంటే ఏడాదికి 2,70,000. నెలకు 22,500. మీ వీధిలో ఎవరిస్తారు? స్థలాల ధర రియల్ ఎస్టేటు మీద ఆశతో పెరిగింది. బాడుగ కట్టేవాడి జీతం ఆ ఆశతో పెరగలేదు. అందుకే ఈ పద్ధతి మీద నాకు గురి పోయింది.

పాతబస్తీ బాడుగ ఇల్లు

టీచరమ్మా, నేను కూడా కర్నూలే. పుట్టినప్పటి నుంచి బాడుగ ఇళ్లలోనే ఉన్నాను. ఇది ఆరో ఇల్లు.

ఒహాయో అన్న ఊరి మొత్తానికి ఒక అంకె అన్నాడు. మన ఊరికి అలా ఒకే అంకె వేస్తే చాలా తప్పు వస్తుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర నీళ్లు మా ఇంట్లోకి వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మిద్దె మీద రెండు రాత్రులు గడిపాం. నీళ్లు తీశాక గోడ మీద నా భుజం ఎత్తున బురద గీత మిగిలింది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా ఆ గీత మళ్లీ బయటపడేది. ఇప్పటికీ మా వైపు ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది నీళ్లు ఎంతవరకు వచ్చాయనే. కింది ఇంటికి ఒక ధర, అదే గుమ్మం మీది పై ఇంటికి ఒక ధర. మీ బి.క్యాంపు వైపు ఈ ప్రశ్నే ఉండదు. మా అంకె, మీ అంకె కలిపి ఒకటి తీస్తే అది మా ఇద్దరి ఇళ్లకూ సరిపోదు.

ఇంకొకటి చెప్పాలి. బాధతో చెబుతున్నాను. అంకె ఎంత న్యాయంగా వేసినా, పేరు అడిగి, కులం అడిగి, మాంసం వండుతారా అని అడిగి, ఇల్లు లేదు అనేవాళ్లు ఉన్నారు. బోర్డు గేటుకు వేలాడుతూనే ఉంటుంది, మాకు మాత్రం ఇల్లు లేదు. నలభయ్యో స్థానం అన్నారు కదా. నూరు ఇళ్లలో నలభై ఇళ్లు నాకు అందే ధరలో ఉన్నాయని ఆ లెక్క చెబుతుంది. ఆ నలభైలో నాకు తలుపు తీసేవి ఎన్ని అన్నది ఏ సర్వేలో రాస్తారు? నాకు ఇచ్చే ఇళ్లు తక్కువ కాబట్టి ఒక్కోసారి అదే ఇంటికి నేను ఎక్కువ కట్టి చేరాను.

ఆదోని నుంచి ఒహాయో

తమ్ముడూ, నువ్వు చెప్పిన రెండూ ఇక్కడ కూడా ఉన్నాయి. ఊరికంతా ఒకే అంకె పెడితే, సాయం పొందే కుటుంబాలన్నీ చవక పేటల్లోనే ఉండిపోతాయని డల్లాస్‌లో కోర్టు దాకా వెళ్లారు. ఆ తరువాత అక్కడ పిన్ కోడ్ వారీగా విడివిడి అంకెలు మొదలుపెట్టారు. 2016లో నిబంధన తెచ్చి మరికొన్ని నగరాలకు విస్తరించారు. మంచి బడి ఉన్న పేటకు ఎక్కువ అంకె, చవక పేటకు తక్కువ అంకె. సాయం కాగితం చూడగానే ఇల్లు ఇవ్వమనే యజమానులు కూడా ఉన్నారు. కొన్ని రాష్ట్రాలు దాన్ని చట్టంతో నిషేధించాయి, కొన్ని నిషేధించలేదు. నీ చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

బి.క్యాంపు టీచరమ్మ

నాయనా, ఆ గోడ మీది గీత మాట చదివి చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను. నువ్వు చెప్పింది మా వీధికి కూడా వర్తిస్తుంది. నేను ఎప్పుడూ ఎవరినీ అలా అడగలేదు, కానీ అడిగేవాళ్లు మా వరసలోనే ఉన్నారు.

ఇక లెక్క. నాలుగు రోజులు సాయంత్రం పూట మా మూడు వీధులూ తిరిగాను. చేతిలో పాత హాజరు పట్టీ ఒకటి, పెన్సిలు. రెండు పడక గదుల పోర్షన్లు మాత్రమే అడిగాను. నా సొంత పోర్షన్‌తో కలిపి 23 రాసుకున్నాను. ఇద్దరు చెప్పం అన్నారు. రెండు ఇళ్లు లీజువి, వాటి సంగతి చివర అడుగుతాను. మిగిలినవి 19. కరెంటు ఎవరి మీటరు వారిదే కాబట్టి అందరికీ వదిలేశాను. వేసవిలో నీళ్ల ట్యాంకరు డబ్బులు కొందరు యజమానులు పెట్టుకుంటారు, కొందరు బాడుగకున్నవాళ్ల దగ్గర తీసుకుంటారు. అది అడిగి, బాడుగకున్నవాళ్లే ఇచ్చే చోట ఏడాది ఖర్చును పన్నెండుతో భాగించి కలిపి, దగ్గరి ఐదు వందలకు సర్దాను.

గత రెండేళ్లలో చేరినవి పది: 6,500, 7,000, 7,500, 8,000, 8,000, 8,500, 9,000, 9,500, 10,500, 12,000.

అంతకంటే పాతవి తొమ్మిది: 4,000, 4,500, 4,500, 5,000, 5,500, 5,500, 6,000, 6,500, 7,000. ఆ రెండు 5,500లలో ఒకటి మాది.

కొత్తవాళ్లలో నలభయ్యో స్థానం తీస్తే 8,000. పందొమ్మిదీ కలిపి తీస్తే 6,500. ఇళ్లు అవే, గోడలు అవే. ఎవరిని లెక్కలోకి తీసుకున్నామన్న దాని మీదే 1,500 తేడా వచ్చింది. ముప్పై ఏళ్లు పర్సెంటైల్ అన్న మాట పిల్లల మార్కుల దగ్గర వాడాను కానీ, దాని వెనుక ఇంత పెద్ద నిర్ణయం దాగి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

మా అబ్బాయి చూసిన ఎదురిల్లు కొత్త జాబితాలో పై నుంచి రెండోది. కింద అమ్మాయి అన్న 6,000, ఆమెకు తెలిసినవాళ్లందరూ పాతవాళ్లే కాబట్టి, పాత జాబితాలోది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కరు ఒక్కో జాబితా చూశారు.

ఇప్పుడు సందేహం. నేను కొత్తవాళ్లను వెతకడం లేదు. ఉన్న కుటుంబానికే పెంచాలి. అలాంటప్పుడు కొత్త జాబితా వాడడం న్యాయమేనా?

లీజు సంగతి కూడా చెప్పండి. రెండు ఇళ్లలో నెల బాడుగ లేదు. 4 లక్షలు చేతికిచ్చి చేరారు, వెళ్లేటప్పుడు ఆ 4 లక్షలూ తిరిగి తీసుకుంటారు. దాన్ని నెల బాడుగగా ఎలా మార్చాలి?

పాత ఇంజనీరు, కడప

అమ్మా, లీజు దగ్గర అంతా వడ్డీలోనే ఉంది. బ్యాంకు డిపాజిట్టుకు 7 శాతం అనుకుంటే 4 లక్షల మీద ఏడాదికి 28,000, నెలకు 2,333. మన ఊళ్లలో బయట నడిచే రెండు రూపాయల వడ్డీ లెక్కన నెలకు 8,000. లీజుకిచ్చే యజమాని చాలాసార్లు బయట అప్పు తీర్చుకోవడానికే ఇస్తాడు, అందుకే ఆయనకు అది 8,000 విలువ. చేరినవాడు ఆ డబ్బును బ్యాంకులోంచి తీసి ఇచ్చి ఉంటే అతనికి అది 2,333. ఒకే ఇంటికి రెండు బాడుగలు! దక్షిణ కొరియాలో ఇదే పద్ధతి ఉంది, జోన్సె అంటారు. డిపాజిట్టును నెల అద్దెగా మార్చేటప్పుడు వాడే వడ్డీకి అక్కడ ప్రభుత్వమే హద్దు పెట్టింది. 2020 నుంచి అది వాళ్ల కేంద్ర బ్యాంకు రేటుకు ఇంకో 2 శాతం కలిపినంత. మనకు అలాంటి హద్దు లేదు కాబట్టి ఆ రెండు ఇళ్లనూ మీరు పక్కన పెట్టడమే సరి.

అనంతపురం ఆడపడుచు, జర్మనీ

టీచరు గారూ, మాది అనంతపురం, సాయినగర్. ఆరేళ్లుగా జర్మనీలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఉన్న కుటుంబానికి పెంచడం ఎలా అన్న మీ సందేహానికి ఇక్కడి పద్ధతే దగ్గరగా ఉంటుందని రాస్తున్నాను.

ఇక్కడ చాలా నగరాలు అద్దెల పట్టిక ఒకటి తయారు చేస్తాయి. దాని పేరు మీట్‌ష్పీగెల్, అంటే అద్దెల అద్దం. ఇంటి వైశాల్యం, కట్టిన ఏడాది, పేట, సౌకర్యాలను బట్టి చదరపు మీటరుకు ఎంత నుంచి ఎంత వరకు అని ఉంటుంది. అమెరికా రెండేళ్లు చూస్తే వీళ్లు ఆరేళ్లు చూస్తారు. గత ఆరేళ్లలో కొత్తగా రాసుకున్నవీ, ఆ ఆరేళ్లలో పెంచినవీ రెండూ లెక్కలోకి వస్తాయి. 2020కు ముందు నాలుగేళ్లే చూసేవారు. ఆరేళ్లు చేయడంతో పాత, చవక అద్దెలు కూడా చేరి అంకె కొంచెం తగ్గింది. ఇళ్లున్నవాళ్లు దాన్ని వ్యతిరేకించారు.

యజమాని ఈ పట్టిక దాకానే పెంచగలడు. అదీ ఒక్కసారిగా కాదు. మూడేళ్లలో 20 శాతం మించకూడదు. ఇళ్ల కరువు ఉన్న నగరాల్లో 15 శాతమే. పోయిన ఏడాది మా యజమానురాలు పంపిన ఉత్తరంలో పట్టికలోని గడి సంఖ్య, మా ఇంటి వైశాల్యం, పాత అద్దె, కొత్త అద్దె, శాతం అన్నీ రాసి ఉన్నాయి. ఆలోచించుకుని ఒప్పుకోవడానికి రెండు నెలలకు పైగా గడువు ఇచ్చింది. డబ్బు ఎక్కువ కట్టాల్సి వచ్చినా మాకు అవమానం అనిపించలేదు. అనంతపురంలో మా అమ్మను "వచ్చే నెల నుంచి రెండు వేలు ఎక్కువ, లేకపోతే ఖాళీ చేయండి" అని గేటు దగ్గర నిలబెట్టి చెప్పిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

బి.క్యాంపు టీచరమ్మ

తల్లీ, నీ ఉత్తరం చదివాక హాజరు పట్టీ మళ్లీ తీశాను. పాత తొమ్మిదిలో ఆరేళ్లలోపు చేరినవి నాలుగు: 5,500, 6,000, 6,500, 7,000. ఈ 5,500 మాది కాదు, పక్క వీధిది. వాటిని కొత్త పదితో కలిపితే పద్నాలుగు. నడిమి అంకె 7,500కు, 8,000కు మధ్యన, 7,750. ఆ దాకా పెంచవచ్చు అనుకున్నా, 20 శాతం హద్దు పెడితే 5,500 మీద 1,100. అంటే 6,600.

నిన్న మధ్యాహ్నం ఆ అమ్మాయిని పైకి పిలిచి, పట్టీ ముందు పెట్టి, మూడు వీధుల అంకెలూ ఇంటి నంబర్లు కనపడకుండా చూపించాను. 12,000 దగ్గర వేలు పెట్టి, నిజంగా ఇస్తున్నారా అని రెండుసార్లు అడిగింది. తరువాత కిందికి వెళ్లి తన నోటు పుస్తకం తెచ్చింది. కుట్టు లెక్కలు రాసుకునే పుస్తకం. వెనుక పేజీల్లో ఇంటికి పెట్టిన ఖర్చులు ఉన్నాయి. రెండేళ్ల క్రితం వేసవిలో నేను మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు మోటారు కాలిపోతే వైండింగుకు 2,200 ఇచ్చారు. నాకు ఎప్పుడూ చెప్పలేదు. బాత్రూం తలుపు కింద తుప్పు పట్టి ఊడితే రేకు కొట్టించారు, 450. కొళాయిలు, బల్బు హోల్డర్లు. ప్రభుత్వాలు నీళ్లు, కరెంటు బాడుగలో కలిపి చూస్తాయని ఒహాయో బాబు రాసింది చదివి తల ఊపాను కానీ, నా ఇంటి మీదే ఇన్ని ఖర్చులు వేరే పుస్తకంలో ఉన్నాయని నాకు తోచలేదు.

కిటికీ గొళ్లెం మాట కూడా గుర్తొచ్చి, ఆమెతో పాటు కిందికి దిగి ఇల్లంతా చూశాను. ఎనిమిదేళ్లలో ఆ వంటింట్లోకి నేను వెళ్లింది రెండు మూడు సార్లే. పొయ్యి పైన కప్పు చెమ్మకు నల్లబడి, పెచ్చులు ఊడి, ఒక చోట కమ్మీ కనపడుతోంది. అది సరిగ్గా నా స్నానాల గది కింద. ఆమె దాని కింద పాత ఫ్లెక్సీ ముక్క ఒకటి కట్టి, దాని కిందే అన్నం వండుతోంది. అమెరికా లెక్కలో ఇలాంటి ఇంటిని జాబితాలోకే రానివ్వరేమో.

మా అబ్బాయికి ఫోనులో అంతా చెప్పాను. 6,600 అంటే ఒప్పుకోలేదు, పట్టీ ఫోటో తీసి పంపమన్నాడు, పంపాను. మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు. పైన నా స్నానాల గదిలో గచ్చు పగలగొట్టి, చెమ్మ దిగకుండా మందు కలిపి మళ్లీ వేయాలట. కింద కప్పుకు పూత. కొత్త బాడుగ ఆ పని పూర్తయిన నెల నుంచి. మొదటి నెల 6,600లో 2,650 పట్టుకుని 3,950 ఇమ్మన్నాను. మూడేళ్ల దాకా మళ్లీ మాట ఎత్తనని కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

ఇంజనీరు గారూ, మీకు ఒక ప్రశ్న. కమ్మీ కనపడిన చోట తుప్పు గీకి నేరుగా పూత వేస్తే చాలునా, లేక ముందు ఇంకేదైనా పూయించాలా? మేస్త్రీ చాలు అంటున్నాడు, నాకు నమ్మకం కుదరడం లేదు.

పాత ఇంజనీరు, కడప

చాలదమ్మా. కమ్మీ చుట్టూ వదులైన సిమెంటు అంతా, తట్టితే డొల్లగా మోగిన మేరకు, కొట్టించేయండి. ఇనుప బ్రష్షుతో కమ్మీ తెల్లగా మెరిసేదాకా రుద్దించి, తుప్పు పట్టకుండా వేసే పూత రెండుసార్లు వేయించి, ఆరనిచ్చి, ఆ తరువాతే సిమెంటు. ముందు పైన మీ గచ్చు పని పూర్తి కావాలి. పైన నీళ్లు నిలబెట్టి రెండు రోజులు చూడండి, కింద చుక్క పడకపోతేనే కప్పు ముట్టుకోమనండి. ఆ రెండు రోజులూ పిల్లల్ని ఆ వంటింట్లోకి రానివ్వకండి.